రిపోర్టు నార్మలే... రోగమే కాదు!

మస్కట్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది సివిల్ డిప్లొమా. డాక్టర్‌ని కాను. అయినా ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే మా బావ వల్లే.

బావ మా సైట్‌లోనే షట్టరింగ్ కార్పెంటర్. రెండేళ్ల కింద మలంలో రక్తం పడుతోందన్నాడు. సెలవు మీద ఆర్మూరు వెళ్లినప్పుడు ఒక ల్యాబులో ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీ చేయించుకున్నాడు. అందులో సీఈఏ అనే రక్తపరీక్ష కూడా ఉంది. 3.1 వచ్చింది. 5 లోపు నార్మల్ అని పక్కనే అచ్చు వేసి ఉంది. “రిపోర్టుల అంత మంచిగనే ఉన్నది బామ్మర్దీ, ఇవి మొలలే” అని మళ్లీ డ్యూటీలో చేరాడు. నేనూ సరేనన్నాను. ఎనిమిది నెలలకు నీరసంతో సైట్‌లోనే కూలబడ్డాడు. హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ. అప్పటికి సీఈఏ 22.

అప్పుడు గానీ ఆ నంబర్ సంగతి తెలుసుకోలేదు. సీఈఏ ఒక ప్రోటీన్. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ దీన్ని కనుగొన్నారు. క్యాన్సర్ తొలిదశలో ఉన్న చాలామందికి ఇది పెరగనే పెరగదు. సిగరెట్ తాగేవాళ్లకు, కాలేయ జబ్బున్నవాళ్లకు క్యాన్సర్ లేకున్నా పెరగొచ్చు. అంటే రోగం లేదని తేల్చే పరీక్ష కాదిది.

మరి ఎందుకు పనికొస్తుంది? ఆపరేషన్‌కు ముందు బాగా ఎక్కువుంటే రోగం మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువని డాక్టర్లు జాగ్రత్త పడతారు. గడ్డ పూర్తిగా తీసేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలుకు దిగాలి. తర్వాత వరుసగా పెరుగుతూ పోతే మళ్లీ వచ్చిందేమోనని స్కాన్ తీస్తారు. మన కాంక్రీట్‌కు 7 రోజులకు, 28 రోజులకు క్యూబులు పగలగొట్టి చూసినట్టే. ఒక్క నంబర్ కాదు, వరుస ముఖ్యం.

తీసిన గడ్డ ముక్కలో ఇంకో నాలుగు ప్రోటీన్లు చూశారు: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. డీఎన్ఏలో తప్పులు సరిదిద్దే మేస్త్రీలివి. బావకు నాలుగూ ఉన్నాయి. మామూలు కీమో ఇచ్చారు. వీటిలో ఏదైనా లేకపోతే రోగం వంశపారంపర్యం కావచ్చు, అన్నదమ్ములూ పిల్లలూ చూపించుకోవాల్సి రావచ్చు. అలాంటి గడ్డలకు రోగనిరోధక శక్తిని లేపే మందులు బాగా పనిచేస్తాయి. న్యూయార్క్‌లో ఇలాంటి మలాశయ క్యాన్సర్ ఉన్న 12 మందికి ఆపరేషన్ లేకుండా ఆ మందుతోనే గడ్డలు మాయమయ్యాయని 2022లో ప్రకటించారు.

బావ ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. మొన్నటి సీఈఏ 2.2. మూడు నెలలకోసారి తేదీ దగ్గరపడగానే నేనే ఫోన్ చేసి గుర్తుచేస్తా.

క్యాంపుల్లో ఉండే అన్నలకు, తమ్ముళ్లకు ఒక్కటే మనవి. మలంలో రక్తం పడినా, విరోచనం తీరు మారి వారాలు గడిచినా, కారణం లేకుండా రక్తం తగ్గినా మొలలని సరిపెట్టుకోకండి. కొలనోస్కోపీ కావాలా అని డాక్టర్‌ని అడగండి. నార్మల్ అన్న ఒక్క ముక్క చూసి మేము పోగొట్టుకున్నది ఎనిమిది నెలలు. మీరు పోగొట్టుకోవద్దు.