సైకిల్‌కు నీళ్ల సీసా హోల్డరు: కొనే ముందు ఏమేమి చూడాలి?

భిలాయి ఉక్కు కర్మాగారంలో మధ్యాహ్నం 2 గంటలకు ఒక షిఫ్టు ముగిసి మరొకటి మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలలలో సైకిల్‌పై విధులకు వెళ్లేవారూ, విధులు ముగించుకొని ఇళ్లకు చేరేవారూ ఎండ అత్యంత తీవ్రంగా ఉండే వేళలోనే రోడ్డు మీద ఉంటారు. దుర్గ్ జిల్లాలో ఆ నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. కొన్ని రోజులలో 44 డిగ్రీలకు కూడా చేరుతుంది. ఇటువంటి చోట సైకిల్ తొక్కేవారికి నీళ్లు చేతికి అందేలా ఉండటం ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

అయితే సీసాను ఎక్కడ ఉంచుతున్నామన్నది కూడా అంతే ముఖ్యం. చాలామంది దానిని చేతిసంచిలో వేసి హ్యాండిల్‌కు తగిలిస్తారు. ఊగుతున్న సంచి ముందు చక్రం స్పోకులలో చిక్కుకుంటే చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది, తొక్కేవారు ముందుకు పడిపోతారు. క్యారియరు స్ప్రింగు కింద ఇరికించిన సీసా స్పీడ్ బ్రేకరు కుదుపుకు జారి, వెనుక వచ్చే ద్విచక్ర వాహనం చక్రం కింద పడవచ్చు. ఈ రెండు ప్రమాదాలనూ తక్కువ ఖర్చుతో నివారించే సాధనం హోల్డరు. కానీ సరిపడని హోల్డరు బిగిస్తే ముప్పు అలాగే మిగిలిపోతుంది. అందుకే ఎంపికలో ఒక క్రమం పాటించాలి: ముందు సీసా, తరువాత సైకిల్ ఫ్రేమ్, ఆ తరువాత హోల్డరు దేనితో తయారైందన్న విషయం. ధర ప్రస్తావన చివరన రావాలి.

సైకిళ్లతో పెరిగిన పట్టణం

సోవియట్ యూనియన్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయి కర్మాగారం రూపుదిద్దుకుంది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నిర్మాణ కాలం నుంచే శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. సెక్టార్లుగా, వెడల్పైన రహదారులతో నిర్మించిన ఈ పట్టణంలో సామాన్య కార్మికునికి తొలి సొంత వాహనం సైకిలే. మోటారు వాహనాలు పెరిగినా సైకిల్ ఇంకా కనుమరుగు కాలేదు. రాష్ట్ర ప్రభుత్వ సరస్వతీ సైకిల్ యోజన కింద అర్హులైన తొమ్మిదో తరగతి బాలికలకు ఉచితంగా సైకిళ్లు అందుతున్నాయి. ఉదయపు వ్యాయామం కోసం గేర్ల సైకిళ్లు కొనేవారూ ఉన్నారు. పాత తరహా నల్లని రోడ్‌స్టరు, అడ్డు గొట్టం లేని బాలికల సైకిల్, గేర్ల సైకిల్ — ఈ మూడింటికీ హోల్డరు ఒకే విధంగా అమరదు.

ముందుగా సీసా

సైకిల్ కోసం ప్రత్యేకంగా తయారయ్యే సీసాల వ్యాసం సుమారు 73 నుంచి 74 మిల్లీమీటర్లు ఉంటుంది. సాధారణ హోల్డర్లన్నీ ఈ కొలతకే తయారవుతాయి. ఆ సీసా నడుము వద్ద ఒక గాడి ఉంటుంది. హోల్డరులోని చిన్న నాలుక వంటి భాగం ఆ గాడిలో కూర్చొని సీసాను పైకి జారనివ్వదు.

ఇంట్లో వాడే స్టీలు సీసాలకు, దుకాణాలలో దొరికే లీటరు ప్లాస్టిక్ సీసాలకు ఈ గాడి ఉండకపోవచ్చు. వాటి లావు కూడా కంపెనీని బట్టి మారుతుంది. పలుచని ప్లాస్టిక్ సీసా నీళ్లు తగ్గేకొద్దీ నొక్కుకుపోతుంది, దానితో హోల్డరు పట్టు సడలుతుంది. అందువల్ల ఇప్పటికే ఉన్న సీసానే వాడదలచినవారు దానిని వెంట తీసుకొని దుకాణానికి వెళ్లడం మేలు. లావు సీసాలకు వెడల్పు సర్దుకునే హోల్డర్లు, పైన పట్టీతో బిగించే హోల్డర్లు లభిస్తాయి.

బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. చల్లదనాన్ని నిలిపే రెండు పొరల స్టీలు సీసా సొంత బరువు దీనికి అదనం. ఇంత బరువు ప్రతి గోతిలోనూ హోల్డరును కిందికి లాగుతుంది. కాబట్టి బరువైన సీసాకు కింద ఆనుకునే గట్టి అడుగు ఉన్న హోల్డరునే ఎంచుకోవాలి.

ఫ్రేమ్‌పై సరైన చోటు

హ్యాండిల్ కింది నుంచి పెడళ్ల ఇరుసు వరకు ఏటవాలుగా దిగే గొట్టం హోల్డరుకు అన్నింటికన్నా అనువైన చోటు. అక్కడ బరువు కిందుగా, రెండు చక్రాల మధ్యన ఉంటుంది, సైకిల్ అదుపు చెడదు. టూర్ డి ఫ్రాన్స్ వంటి పోటీలలో కూడా ఒకప్పుడు సీసాలను హ్యాండిల్ ముందు అమర్చుకునేవారు. కాలక్రమంలో అవి ఫ్రేమ్‌పైకి చేరాయి.

గేర్ల సైకిళ్లలో ఈ గొట్టంపై సాధారణంగా రెండు మరల రంధ్రాలు ముందే ఉంటాయి. వాటి మధ్య దూరం 64 మిల్లీమీటర్లు. అందులో పట్టే బోల్టు మందం 5 మిల్లీమీటర్లు, బిగించడానికి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలు. మితిమీరి బిగిస్తే గొట్టంలోని మర పాడవుతుంది.

రోడ్‌స్టరుకు, చాలా బాలికల సైకిళ్లకు ఈ రంధ్రాలు ఉండవు. అటువంటి సైకిల్‌కు గొట్టం చుట్టూ బిగించే క్లాంపు ఉన్న హోల్డరు కావాలి. రంధ్రాల కోసం ఫ్రేమ్‌కు డ్రిల్లింగు చేయించకూడదు, గొట్టం బలహీనపడుతుంది. క్లాంపు కింద పాత ట్యూబు ముక్క చుట్టి బిగిస్తే జారదు, రంగు చెక్కుకుపోదు. బ్రేకు తీగ గాని, డైనమో తీగ గాని క్లాంపు కింద నలగకుండా చూడాలి. అడ్డు గొట్టం లేని సైకిళ్లలో ఎక్కి దిగేటప్పుడు కాలికి సీసా తగలని చోటును ఎంచుకోవాలి.

హ్యాండిల్‌కు బిగించే హోల్డరు చేతికి సులువుగా అందుతుంది. కానీ బరువు పైన ఉండటంతో మలుపులలో హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. రోడ్‌స్టరులో బ్రేకు కడ్డీలు హ్యాండిల్ వెంబడే సాగుతాయి. హోల్డరు వాటి కదలికకు అడ్డుపడితే బ్రేకు పూర్తిగా పడదు. అటువంటి సైకిల్‌కు హ్యాండిల్ హోల్డరును వద్దనుకోవడమే క్షేమం.

ఏ లోహం మేలు?

ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి ఉక్కుకు, కోర్బా అల్యూమినియానికి పేరుపొందాయి. హోల్డర్ల తయారీలో ఎక్కువగా కనిపించే లోహాలు కూడా ఈ రెండే. ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు తూగుతాయి. అల్యూమినియం హోల్డరు తేలికగా ఉంటుంది, తుప్పు పట్టదు. అయితే సీసాపై నల్లని గీతలు పడతాయి. సడలిందని మాటిమాటికీ లోపలికి వంచితే ఆ వంపు వద్దనే విరుగుతుంది. ఉక్కు ఇటువంటి ఒత్తిడిని ఎక్కువ కాలం తట్టుకుంటుంది. పూత పూసిన మామూలు ఉక్కు మాత్రం వానాకాలంలో అతుకుల వద్ద తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ బెడద చాలా తక్కువ.

ప్లాస్టిక్ హోల్డరు చవక, చప్పుడు చేయదు. నాసిరకం ప్లాస్టిక్ ఎండకు పెళుసుబారి చిట్లుతుంది. కార్బన్ ఫైబరు హోల్డరుతో మిగిలే బరువు కొన్ని పదుల గ్రాములే. దాదాపు 20 కిలోలు తూగే రోడ్‌స్టరుకు ఆ ఖర్చు అనవసరం. రోజూ తొక్కే సైకిల్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు గాని, కాస్త మందమైన అల్యూమినియం గాని సరిపోతుంది.

బిగించిన తరువాత పరీక్ష

సీసాను నిండా నింపి హోల్డరులో ఉంచి, ముందు చక్రాన్ని జానెడు ఎత్తు లేపి వదలాలి. సీసా ఎగిరినా, పక్కకు తిరిగినా ఆ హోల్డరు పనికిరాదు. సగం నీళ్లతో మరోసారి చూడాలి. తరువాత హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, పెడళ్లను వెనక్కి తొక్కి, మోకాలికి గాని, చైను కవరుకు గాని ఏదీ తగలడం లేదని నిర్ధారించుకోవాలి. వారం తరువాత బోల్టులను మళ్లీ బిగించాలి. తొక్కుతున్నప్పుడు కొత్తగా గలగల శబ్దం వినిపిస్తే అది బోల్టు సడలిందనడానికి తొలి సూచన.

ఫ్రేమ్‌పై ఉండే సీసా మూతిపై ముందు చక్రం నుంచి బురద చిందుతుంది. కాబట్టి మూతిని పూర్తిగా కప్పే మూత ఉండాలి, సీసాను రోజూ కడగాలి. షిఫ్టు సమయంలో సైకిల్‌ను ఎండలో నిలిపేవారు సీసాను తీసి నీడలో ఉంచుకోవాలి.

సైకిల్ నడుపుతూ ఒంటి చేత్తో నీళ్లు తాగడం రద్దీ రోడ్లపై ప్రమాదకరం. దాహం వేసేదాకా ఆగకుండా, మధ్యలో చెట్టు నీడన ఒక నిమిషం ఆగి నాలుగు గుక్కలు తాగి సాగడం మంచిది. తల తిరగడం, వికారం, విపరీతమైన నీరసం కనిపిస్తే ప్రయాణం ఆపి నీడకు చేరి, వెంటనే తోటివారి సాయం తీసుకోవాలి.