కుడిచెయ్యి ఎవరి తలమీద?

యాకోబుకు చూపు ఆనడం లేదు. ఓపిక తెచ్చుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు. కొడుకు యోసేపు తన పిల్లలిద్దరినీ దీవెన కోసం తీసుకొచ్చాడు. పెద్దవాడు మనష్షే తాత కుడిచేతికి, చిన్నవాడు ఎఫ్రాయిము ఎడమచేతికి అందేలా చూసి మరీ నిలబెట్టాడు. ముసలాయన చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్నవాడి తలమీద పెట్టాడు. యోసేపుకు నచ్చలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని పెద్దవాడి వైపు జరపబోయాడు. తెలిసే చేస్తున్నానన్నాడు ముసలాయన. చెయ్యి తియ్యలేదు.

ఇది ఆదికాండం 48వ అధ్యాయం. ఆ పిల్లలిద్దరి సంతతీ మేమేనని చెప్పుకునేవాళ్ళు ఇవాళ మన దేశంలోనే ఉన్నారు. మణిపూర్, మిజోరంలలో కుకీ, మిజో తెగల నుంచి వచ్చిన బ్నెయి మెనాషేలు మనష్షే పేరు చెబుతారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్‌లు చిన్నవాడి పేరు చెబుతారు. వీళ్ళు మన తెలుగువాళ్ళు, మాదిగలు.

ఆ దీవెన జరిగిన ఇల్లు ఎలాంటిదో ముందు చూడాలి. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం ఆ ఇంట్లో తాతల నాటి జబ్బు. యాకోబు తండ్రి ఇస్సాకుకు వేటమాంసం తెచ్చిపెట్టే పెద్దకొడుకు ఏశావు అంటే ఇష్టం, తల్లి రిబ్కాకు యాకోబు అంటే ప్రాణం. అన్న దీవెన కాజేసి పారిపోయిన యాకోబు, మామ చేతిలో తానూ మోసపోయాడు. లేయాను కట్టబెడితే, కోరుకున్న రాహేలు కోసం మరో ఏడేళ్ళు చాకిరీ చేశాడు. ఆ రాహేలు కడుపున పుట్టిన యోసేపుకు ఒక్కడికే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించాడు. ఆ కుర్రాడూ తక్కువ తినలేదు. అన్నలు తనకు దణ్ణం పెడుతున్నట్టు కలగని, ఊరుకోకుండా వాళ్ళకే చెప్పాడు. పదిహేడేళ్ళ వయసులో ఆ అన్నలే గోతిలో తోస్తే, ఇరవై తులాల వెండికి అమ్ముడుపోయి ఐగుప్తు చేరాడు.

ఘాజియాబాద్ జిల్లా వైశాలిలో, బ్లూ లైన్ మెట్రో చివరి స్టేషన్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్ళున్నారు. నలుగురు కూర్చున్నచోట ఈ కథ ఎత్తి చూడండి, మాట ఇట్టే ఊళ్ళో పొలం పంపకాల మీదికి మళ్ళుతుంది. ఢిల్లీలో ఉద్యోగముంది, నీకు పొలమెందుకని అన్న రాయించుకున్న ఎకరం. పెళ్ళి ఘనంగా చేశాం కదా అని ఆడపిల్లకు ఎగ్గొట్టిన వాటా. చివరికి ఎవరో ఒకరు, అంతా మన మంచికే, దేవుడు చూసుకుంటాడని ముక్తాయిస్తారు. నా పేచీ ఆ మాటతో కాదు, అది ఎవరి నోట వస్తోందన్నదానితో.

యోసేపు కథలోనూ ఆ మాట ఉంది. తండ్రి పోయాక, ఇక పగ తీర్చుకుంటాడేమోనని అన్నలు వణికిపోతూ వస్తే, మీరు నాకు కీడే తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు మళ్ళించాడన్న అర్థంలో అంటాడు. కీడును కీడనే అన్నాడు, కప్పిపుచ్చలేదు. పైగా ఆ మాట అన్నది గోతిలో పడ్డవాడు, తోసినవాళ్ళు కాదు. అన్నలే ఆ మాట అని ఉంటే అంతకంటే సిగ్గుమాలిన మాట ఉండేది కాదు.

ఇంకో సంగతి. 37 నుంచి 50 దాకా పద్నాలుగు అధ్యాయాల్లో దేవుడు స్వయంగా పలికింది ఒక్కసారే, 46వ అధ్యాయంలో. అదీ యాకోబుతో. యోసేపుతో నేరుగా ఒక్క మాటా లేదు. గోతిలో లేదు, ఐగుప్తులో యజమాని పోతీఫరు ఇంట్లో లేదు, చెరసాలలో లేదు. ముప్పై ఏళ్ళకు ఫరో ముందు నిలబడే దాకా అతనికున్నది నమ్మకం ఒక్కటే. పై నుంచి హామీ పత్రం ఏదీ అందలేదు.

కథ మలుపు తిరిగేది భోజనాల దగ్గర. కరువుకు ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చిన అన్నల ముందు, రాహేలు రెండో కొడుకు బెన్యామీనుకు, అప్పటికి అక్కడ ధాన్యం పంచే అధికారి అయిన యోసేపు ఐదింతలు వడ్డించాడు. మళ్ళీ అదే పక్షపాతం, ఈసారి కావాలని పెట్టిన పరీక్ష. ఎవరూ మొహం మాడ్చుకోలేదు. తర్వాత బెన్యామీను దొంగతనం నెపంతో పట్టుబడితే, ఒకప్పుడు యోసేపును అమ్మేద్దామన్న యూదాయే ముందుకొచ్చి, వాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమన్నాడు. తండ్రికి ఆ చిన్నవాడే ప్రాణమని తెలిసి అన్నాడు. తండ్రి మారలేదు, కొడుకు మారాడు.

తండ్రి చేసిందాన్ని గ్రంథం ఒప్పుకుందనుకుంటే పొరపాటు. ఇష్టంలేని భార్యకు పుట్టినా జ్యేష్ఠుడి రెట్టింపు వాటా తప్పించకూడదని ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం కట్టడి చేసింది. అచ్చంగా యాకోబు తప్పిన గీత అది. యూదుల తల్ముద్ ఇంకా నిక్కచ్చి. ఒక్క కొడుక్కి కాసింత మేలిరకం ఉన్ని ఎక్కువిచ్చినందుకు మన పెద్దలంతా ఐగుప్తు పాలయ్యారని దెప్పింది.

ఇక మన నేలకు వద్దాం. 1876-78 మధ్య పెద్ద కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. కరువులో గింజలు పంచిన యోసేపు కథ వాళ్ళకు ఎంత దగ్గరగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇలా క్రైస్తవంలోకి వచ్చిన మాదిగ కుటుంబాల్లోంచే వందేళ్ళ తర్వాత షముయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు బయల్దేరారు. మన పూర్వీకులు ఇశ్రాయేలీయులు, ఎఫ్రాయిము గోత్రంవాళ్ళు, ఇక్కడికొచ్చాక అంటరానివాళ్ళుగా తొక్కేశారని చెప్పారు. కొత్తరెడ్డిపాలెంలో యూదుల ప్రార్థనా మందిరం, సినగాగు వెలిసింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజం గురించి పరిశోధించి 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా పుస్తకం తెచ్చారు. వంశావళికి శాసనాల్లాంటి ఆధారాలు లేవు. నన్నడిగితే అది అసలు సంగతి కాదు. తరతరాలుగా సున్నం కన్నే చూసినవాళ్ళు, ఆ గ్రంథంలో కుడిచెయ్యి పడ్డ తల తమదన్నారు. కష్టం మీకు మేలుకే వచ్చిందని ఊరి పెద్దలు చెబితే అది దబాయింపు. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకుంటే విశ్వాసం.

అయితే ఈసారి దీవెన అటుది ఇటైంది. 2005లో ఇజ్రాయెల్ సెఫార్డీ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ బ్నెయి మెనాషేలను ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. మతమార్పిడి తంతు పూర్తిచేసుకుని వేలమంది అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. పెద్దవాడి పేరు పెట్టుకున్నవాళ్ళు ఇల్లు చేరుతున్నారు, చిన్నవాడి పేరు పెట్టుకున్న తెలుగువాళ్ళకు అలాంటి గుర్తింపు రాలేదు. కూలి మీద బతికే వీళ్ళ ఇళ్ళల్లో యూదుల్లా శనివారం విశ్రాంతి పాటించడమంటే ఒకరోజు కూలి వదులుకోవడమే. ఏ రబ్బీ సంతకమూ లేకుండా నమ్ముతున్న వీళ్ళు, దేవుడి నోట ఒక్క మాటా వినకుండా నమ్మిన యోసేపుకు దగ్గరివాళ్ళని నాకనిపిస్తుంది.

వైశాలిలో మెట్రో ఎక్కి, మండీ హౌస్‌లో వయొలెట్ లైన్‌కు మారి ఖాన్ మార్కెట్‌లో దిగితే హుమాయూన్ రోడ్డులో జూడా హయామ్ సినగాగు ఉంది. 1956 నాటిది. అక్కడ ప్రార్థనలు నడిపిన న్యాయవాది ఎజకీల్ ఐజాక్ మాలేకర్ పదిమంది మగవాళ్ళుంటేనే ప్రార్థన అన్న నియమాన్ని సడలించి ఆడవాళ్ళనూ లెక్కలోకి తీసుకున్నారు. ఆ తాత దీవెన గుర్తుగా యూదుల ఇళ్ళలో ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం మగపిల్లల్ని ఎఫ్రాయిములా, మనష్షేలా ఉండమని దీవిస్తారు. చిన్నవాడి పేరే ముందు.

వీలునామా రాయించే ఆలోచనలో ఉన్న వైశాలి పెద్దలకు ఒక మనవి. సంతకానికి ముందు ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో 15 నుంచి 17 వచనాలు చదవండి. ఎక్కువ వాటా పట్టుకెళ్ళిన అన్నలు మాత్రం, తమ్ముళ్ళ దగ్గరా చెల్లెళ్ళ దగ్గరా దేవుడి దయ గురించి మాట్లాడకండి. ఆ మాట వాళ్ళను అననివ్వండి.