కాటా అమ్మేవారి బాధ్యత



నెల రోజులు పురుగును మేపి, చంద్రికల నుండి విడిపించిన గూళ్ల విలువ తేలేది కాటా మీదే. పది కిలోల బుట్టకు 100 గ్రాములు తక్కువ చూపినా, 60 కిలోల పంటలో 600 గ్రాములు పోయినట్లే. కిలో 500 రూపాయల లెక్కన 300 రూపాయల నష్టం.

2009 నాటి తూనికల చట్టం 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. దీని ప్రకారం లైసెన్సు లేనివారు కాటాలు తయారు చేయరాదు, అమ్మరాదు, రిపేరు చేయరాదు. తనిఖీ ముద్ర పడని కాటాను వ్యాపారానికి అమ్మడమూ చట్టవిరుద్ధమే, వాడడమూ చట్టవిరుద్ధమే. "ముద్ర తర్వాత వేయించుకోండి" అనే డీలరు మాట నమ్మరాదు. సంతలో చవకగా దొరికే వంటింటి కాటా గూళ్ల తూకానికి పనికిరాదు.

హోసూరులో కొన్నా, కృష్ణగిరిలో కొన్నా బిల్లుతోపాటు తనిఖీ సర్టిఫికెట్ అడిగి తీసుకోవలెను. సర్టిఫికెట్‌లోని నంబరు, కాటా మీది నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోవలెను. చాలామంది ఇది చూడరు. ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకొకసారి మళ్లీ తనిఖీ జరగవలెను. రిపేరుకు సీలు విప్పితే, కొత్త ముద్ర పడేవరకు దానితో తూచరాదు.

తమిళనాడులో తూనికల తనిఖీ కార్మిక శాఖ చూస్తుంది. ఫిర్యాదును కృష్ణగిరిలోని ఆ శాఖ కార్యాలయంలో బిల్లు నకలుతో ఇవ్వవచ్చును.