ట్రాక్టరు దిగబడితే ఏ తాడు కట్టాలి?

నాట్ల కాలం. దమ్ము చేస్తున్న ట్రాక్టరు బురదలో దిగబడింది. దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు వచ్చింది. నాట్లేసే ఆడవాళ్లు, పిల్లలు చూడడానికి చుట్టూ చేరారు. ఒకరు ఇనుప తాడు తెచ్చారు. ఇంకొకరు నైలాను తాడు తెచ్చారు. ఏది మంచిది?

ఇనుప తాడును వైరు రోపు అంటారు. సన్నని ఉక్కు తీగలను పేని దీన్ని చేస్తారు. రాళ్లకు ఒరుసుకున్నా తొందరగా తెగదు. కానీ బరువెక్కువ. తుప్పు పడుతుంది. పాతబడితే తీగలు తెగి ముళ్లలా లేస్తాయి. ఉత్త చేతులతో పట్టుకుంటే గుచ్చుకుంటాయి.

నైలాను తాడు తేలిక. తుప్పు పట్టదు. చేతికి గుచ్చుకోదు. కానీ రాతి అంచుకు ఒరుసుకుంటే తెగుతుంది. చాలాకాలం ఎండలో పడి ఉంటే బలం తగ్గుతుంది.

రాళ్లున్న చోట ఇనుప తాడు మేలు. మెత్తటి బురద పొలంలో నైలాను తాడు సులువు. ఏదైనా బండి బరువుకు తగినంత లావు ఉండాలి. తెగినచోట ముడేసిన తాడు పనికిరాదు. ముడి దగ్గర బలం తగ్గుతుంది.

బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. కాళ్లు విరగవచ్చు. ప్రాణమే పోవచ్చు. రెండు తాళ్లతోనూ ఈ ప్రమాదం ఉంది.

అందుకే తాడు 10 మీటర్లుంటే, జనం కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. బిగిసిన తాడును దాటకూడదు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేస్తే, తెగినా విసురు తగ్గుతుంది. లాగే ట్రాక్టరుకు వెనక, కింది కొక్కేనికే తాడు తగిలించాలి. పైన కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు తిరగబడవచ్చు.

ముందు పిల్లల్ని దూరంగా పంపండి. మీరూ తప్పుకోండి. ఆ తరువాతే లాగమనండి.