పరీక్ష, ఏకాంతవాసం, తోడ్పాటు

జ్వరం, దగ్గు వస్తే పరీక్ష చేయించుకోవాలని మీకు తెలుసు. తెలిసి కూడా కొందరు ఎందుకు వెనుకాడతారు? ఒక ఉదాహరణ చూద్దాం.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో కతర్‌గామ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు ఎక్కువ. కార్మికులు సానచక్రం చుట్టూ దగ్గరదగ్గరగా కూర్చుని పనిచేస్తారు. 2020 జూన్, జూలై నెలల్లో అక్కడ కరోనా వేగంగా వ్యాపించింది. కార్ఖానాలను కొన్నాళ్లు మూసివేయవలసి వచ్చింది.

ముక్కు లేదా గొంతు నుంచి తీసిన నమూనాను పరీక్షించి వైరస్ ఉన్నదీ లేనిదీ తెలుసుకుంటారు. ఉన్నట్లు తేలినవారు ఇతరులకు సోకకుండా విడిగా ఉండాలి. దీనినే ఏకాంతవాసం అంటారు. లక్షణాలు స్వల్పంగా ఉన్నవారు ఇంట్లో కనీసం 7 రోజులు విడిగా ఉండాలని, వరుసగా 3 రోజులు జ్వరం లేకపోతేనే బయటకు రావాలని 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సూచించింది.

ఇప్పుడు ఆలోచించండి. వజ్ర కార్మికులలో చాలామందికి సానపట్టిన రాళ్ల లెక్కన కూలి ఇస్తారు. పనికి పోని రోజున కూలి లేదు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉంటే, రోగికి విడి గది ఎక్కడిది? ఇటువంటి భయాల వల్లనే కొందరు జ్వరాన్ని దాచిపెడతారు. సూరత్‌లో కొన్ని సామాజిక సంఘాలు తమ సమావేశ మందిరాలలో ఏకాంత కేంద్రాలు ఏర్పాటు చేసి, రోగులకు పడక, భోజనం సమకూర్చాయి.

మీ వీధిలో ఎవరైనా ఇలా విడిగా ఉంటే, భోజనం, మందులు గుమ్మం దగ్గర పెట్టండి. రోగికి ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మీరే రాయండి: మీ వీధివారు పరీక్షకు వెనుకాడే కారణాలు రెండు రాయండి. ఒక్కొక్కదానికి మీరు చేయగల సాయం ఏమిటి?