బంతికి గళ్ళ చొక్కా

ఒక గ్రాఫు కాగితం తీసుకొని గుండ్రని డబ్బాకు చుట్టండి. ఎక్కడా ముడత పడదు. గళ్ళన్నీ చతురస్రాలుగానే ఉంటాయి. ఇప్పుడు అదే కాగితాన్ని రబ్బరు బంతికి చుట్టి చూడండి. ఎంత జాగ్రత్తపడినా ముడతలు పడుతుంది, లేదా చిరుగుతుంది.

తప్పు మీ చేతులది కాదు. డబ్బా ఒక వైపుకే వంగి ఉంది. బంతి అన్ని వైపులకూ వంగి ఉంది. అలాంటి తలం మీద కాగితాన్ని, దానిమీది పొడవులేవీ మారకుండా, పరచడం అసాధ్యం. ఈ సంగతి జర్మన్ గణితవేత్త గౌస్ 1827లోనే తేల్చి చెప్పాడు.

"బంతికి గళ్ళ చొక్కా తొడగకపోతే ఏం నష్టం?" అంటారేమో! గుమ్మటంలాంటి గాజు కప్పు వేయాలనుకోండి. కప్పును గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క పలక బిగించాలి. గళ్ళన్నీ ఒకే కొలతలో ఉంటే పలకలన్నీ ఒకే విధంగా కోయవచ్చు. లేకపోతే ప్రతి పలకకూ వేరే కొలత, వేరే కోత. ఖర్చు పెరుగుతుంది. కొలత తప్పిన పలక దాని చోటులో కూర్చోదు.

ఈ రోజుల్లో ఇటువంటి కప్పుల నమూనాలను గ్రాస్‌హాపర్ వంటి సాఫ్ట్‌వేర్లతో కంప్యూటరు మీద గీస్తున్నారు. వక్రతలం మీది ప్రతి బిందువునూ కంప్యూటరు రెండు సంఖ్యలతో గుర్తిస్తుంది. వీటిని పరామితులు అంటారు. గ్లోబు మీద అక్షాంశం, రేఖాంశం ఉన్నట్లే అన్నమాట. ఆ సంఖ్యలను సమాన భాగాలు చేస్తే గళ్ళు వెంటనే వస్తాయి. కాని అవి సమానమైన గళ్ళేనా? గ్లోబునే చూడండి. రెండు పక్క పక్క రేఖాంశాల మధ్య దూరం భూమధ్యరేఖ దగ్గర సుమారు 111 కి.మీ. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే. ధ్రువం దగ్గర సున్న! గడి మూలల్లో లంబకోణాలు నిలిచాయి గాని, పొడవులు నిలవలేదు. సంఖ్యలు సమానమైనంత మాత్రాన దూరాలు సమానం కావు.

పోనీ, పొడవులనే కాపాడుదాం. పండ్లు అమ్మే వల సంచిని బంతి మీద లాగి పట్టండి. ముడత పడదు! దారాలు సాగలేదు, గళ్ళు మాత్రం చతురస్రాల నుంచి ఏటవాలు సమచతుర్భుజాలుగా మారాయి. పొడవు నిలిచింది, లంబకోణం పోయింది. దుస్తుల కత్తిరింపు వెనుక ఉన్న ఈ గణితాన్ని గురించి రష్యన్ గణితవేత్త చెబిషెవ్ 1878లో పారిస్‌లో ప్రసంగించాడు. జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో 1975లో ఫ్రై ఓటో రూపకల్పనలో కట్టిన చెక్క కప్పులో ఉన్నదీ ఈ కిటుకే. సన్నని చెక్క బద్దీలను 50 సెం.మీ. గళ్ళుగా పరిచి, కూడళ్ళలో బోల్టులు వదులుగా ఉంచి, కింది నుంచి పైకెత్తారు. కప్పు కోరిన వంపు తిరిగాక బోల్టులు బిగించారు.

గాజు విషయంలో మరొక చిక్కు ఉంది. నాలుగు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలమీద ఊగుతుంది. ముక్కాలి పీట ఊగదు. ఎందుచేత? ఏ మూడు బిందువులైనా ఒకే సమతలంలో ఇముడుతాయి. నాలుగో బిందువు ఇమడాలనే నియమం లేదు. అందుకే వక్రమైన గాజు కప్పులకు తరచు త్రిభుజాలనే ఎన్నుకుంటారు. 2000లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ప్రాంగణానికి వేసిన కప్పు అటువంటిదే. మధ్యలో గుండ్రని పఠన మందిరం, చుట్టూ దీర్ఘచతురస్రాకారపు గోడలు. క్రిస్ విలియమ్స్ అనే ఇంజనీరు కప్పు ఆకారాన్ని సమీకరణాలలో రాశాడు. కూడళ్ళను ఊహాదారాలతో కలిపినట్లు భావించి, లాగుడు అన్ని వైపులా సరిపోయేదాకా వాటిని తలం మీద కంప్యూటరుతో జరిపించాడు. గళ్ళ వరుస నునుపుగా కుదిరింది. అయినా 3,312 గాజు పలకల్లో ఏ రెండూ ఒకేలా లేవు!

చూశారా? కంప్యూటరు ఎంత వేగంగా లెక్క కట్టినా గౌస్ చెప్పిన హద్దును దాటలేదు. పొడవును వదులుకోవాలా, కోణాన్ని వదులుకోవాలా అన్నది నిర్ణయించవలసింది మనిషే.

మీరూ ఒక బంతి మీద చేసి చూడండి. లంబంగా ఖండించుకొనే రెండు గీతలు గీసి, ఖండన బిందువు నుంచి వృత్తలేఖినితో 2 సెం.మీ.కు ఒక గుర్తు చొప్పున పెట్టండి. ఖండన బిందువుకు పక్కనున్న రెండు గుర్తుల నుంచి అదే కొలతతో చాపాలు గీయండి. అవి కలిసిన చోటు నాలుగో మూల. ఇలాగే ముందుకు సాగండి. మధ్యలోని గడికీ అంచులోని గడికీ కోణాలలో ఎంత తేడా వచ్చిందో గమనించండి. భుజాలు మాత్రం అన్నీ 2 సెం.మీ.లే!