చిన్న కారుకి బురద బూట్లు!

మారుతి 800 గుర్తుంది కదా! 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బుల్లి కారు. ఎన్నో మధ్యతరగతి ఇళ్ల ముందు మొట్టమొదట ఆగిన నాలుగు చక్రాల బండి అదే. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఈ కారుకి కొందరు కుర్రాళ్లు కొత్త సోకు చేస్తున్నారు. ఉన్న టైర్లు పీకేసి, రిసార్టుల్లో ఇసుక మీదా బురదలోనూ పరుగులు తీసే ఏటీవీ బండ్ల టైర్లు తగిలిస్తున్నారు. అంతే... పిచ్చుక కాళ్లకి ఏనుగు పాదాలు అమర్చినట్టు కారు రూపమే మారిపోతుంది!

అసలు ఏటీవీ టైరు కారుకెలా పడుతుందీ అంటే... అదో చిత్రమైన కొలత. మారుతి 800 రిమ్ము 12 అంగుళాలు. చాలా ఏటీవీల రిమ్మూ అంతే. నేటి కార్లలో ఎక్కువ వాటి చక్రాలు 13 అంగుళాల పైమాటే కాబట్టి వాటి యజమానులకి ఈ ఆశే పుట్టదు.

పాదమంత మెత్తగా...

ఈ ఉబ్బు టైర్ల కథ అమెరికా చలికాలంతో మొదలైంది. మంచు పడే రోజుల్లో మోటారు సైకిళ్లు ఎవరూ కొనరు. ఆ రోజుల్లోనూ అమ్ముకునే బండేదైనా కావాలని 1960ల చివర్లో అక్కడి హోండా డీలర్లు అడిగారు. జపాన్‌లో ఒసాము తకెవుచి అనే ఇంజినీరుకి ఆ పని అప్పజెప్పారు. రకరకాల నమూనాలు చేసిచూశాక, మూడు చక్రాల బండికి 22 అంగుళాల బెలూన్ లాంటి టైర్లు పెట్టాడాయన. 1970లో అది ‘యూఎస్ 90’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. దానికి స్ప్రింగులు లేవు. కుదుపుల్ని మింగేది కూడా టైర్లే.

మరి బురదలో ఆ టైరు ఎందుకు దిగబడదు? గుట్టంతా గాలిలో ఉంది. కారు టైరుకి బంకులో 26 నుంచి 30 పీఎస్ఐ దాకా కొట్టిస్తాం. ఏటీవీ టైరుకి 5 నుంచి 7 చాలు. టైరులో గాలి ఒత్తిడి ఎంతో, నేల మీద అది వేసే ఒత్తిడీ ఇంచుమించు అంతే ఉంటుంది. మారుతి బరువు 650 కిలోలు అనుకుంటే ఒక్కో చక్రం మీద పడేది 160 కిలోలు. 28 పీఎస్ఐ ఉన్నప్పుడు ఒక్కో టైరు నేలని తాకేది స్థూలంగా 80 చదరపు సెంటీమీటర్లు... అంటే ఓ అరచెయ్యంత! అదే బరువుని 5 పీఎస్ఐ మోయాలంటే 450 చదరపు సెంటీమీటర్లు కావాలి. అయిదారు అరచేతులన్నమాట. మనిషి అడుగు వేసినప్పుడు ఒంటికాలు నేల మీద మోపే ఒత్తిడి కూడా దాదాపు ఈ ఏటీవీ లెక్కలోనే ఉంటుంది. కాబట్టి మనిషి నడవగలిగిన మెత్తటి నేల మీద ఆ బండీ వెళ్తుంది. కారు తేలికైనకొద్దీ ఈ కిటుకు ఇంకా బాగా పనిచేస్తుంది.

ఓమ్ని చుట్టం అమెరికాలో...

ఈ సంగతిని బాగా వాడుకున్నది అమెరికా రైతులు. జపాన్‌లో ‘కెయి ట్రక్కు’ అని ఓ బుల్లి ట్రక్కు ఉంది. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ... ఏదీ అంతకు మించకూడదని అక్కడి నిబంధన. వాటిలో సుజుకి క్యారీ ఒకటి. మనం ‘మారుతి వ్యాన్’ అని పిలుచుకున్న ఓమ్ని దాని చుట్టమే. పాతికేళ్లు దాటిన విదేశీ బండ్లకి అమెరికాలో భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉండటంతో అక్కడివాళ్లు ఈ పాత ట్రక్కుల్ని తెప్పించుకుంటారు. చాలావాటికి 12 అంగుళాల చక్రాలే. ఏటీవీ టైర్లు బిగించి పొలాల్లో, మంచులో గడ్డిమోపులూ కంచె కర్రలూ మోయిస్తారు. అక్కడ ఆ జోడీ బ్రహ్మాండం. వేగం తక్కువ, దారి మెత్తన, ఎదురొచ్చే బస్సులుండవు. అయినా కొన్ని రాష్ట్రాలు ఆ ట్రక్కుల్ని మామూలు రోడ్ల మీదికి రానివ్వవు.

తారు రోడ్డెక్కితే...

తిరకాసంతా ఇక్కడే. మారుతి టైరు 145/70 ఆర్ 12. దాని మొత్తం ఎత్తు 20 అంగుళాలు. ఏటీవీలో బాగా వాడే 25 అంగుళాల టైరు వేస్తే కారు రెండున్నర అంగుళాలు పైకి లేస్తుంది. చూడ్డానికి దర్జాగా ఉంటుంది, నిజమే. కానీ చక్రం పాతిక శాతం పెద్దదైంది కాబట్టి మీటరు 60 చూపిస్తుంటే కారు 75లో పోతుంటుంది. 796 సీసీ ఇంజిన్ లాగే బలం నేలకు చేరేసరికి అయిదో వంతు తగ్గిపోతుంది. పాత బ్రేకుల పట్టూ అంతే తగ్గుతుంది. వేగమేమో తెలీకుండా పెరిగింది, ఆపే శక్తేమో తగ్గింది! 144 సెంటీమీటర్ల వెడల్పున్న సన్నటి కారు పైకి లేచిందంటే మలుపులో ఒరిగే ముప్పూ ఎక్కువే.

ఇంకా ఉంది. ఎనిమిది అంగుళాల వెడల్పు టైరుని మారుతి సన్నటి రిమ్ముకి ఎక్కిస్తే పక్కలు ఉబ్బుతాయి. గాలి తక్కువుంటే గట్టి మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. పోనీ గాలి ఎక్కువ కొడదామంటే మధ్యభాగం మాత్రమే రోడ్డుని తాకుతుంది. స్టీరింగు తిప్పితే మడ్‌గార్డుకి రాసుకుంటుంది. దాంతో రేకు కోయడం, సస్పెన్షన్ ఎత్తడం... ఒకదాని వెంట ఒకటి. తారు మీద గంటల తరబడి పరుగు తీస్తే గుబ్బలు వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి. అందుకే చాలా ఏటీవీ టైర్ల పక్కన ‘నాట్ ఫర్ హైవే సర్వీస్’ అని అచ్చు వేసి ఉంటుంది. కొనేవాళ్లు సైజు చూసినంత శ్రద్ధగా ఆ మాటని చూడరు.

డెల్టా రైతులకి ఇది చెప్పక్కర్లేదు. ట్రాక్టరుకి దమ్ము చక్రాలు చేలో ఎంత అవసరమో, తారు రోడ్డు మీద ఎంత అనర్థమో వాళ్లకి తెలుసు.

చట్టం సంగతీ చూడాలి. తయారీదారు నిర్దేశించిన కొలతల్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో సుప్రీంకోర్టూ అదే మాట చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి రూ.5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే, బండిని మార్చారన్న కారణంతో బీమా కంపెనీ పేచీ పెట్టొచ్చు.

ఇసుకలోకో బురద దారిలోకో వెళ్లే సరదా ఉన్నవాళ్లకి దగ్గరి దారి వేరే ఉంది. సూర్యలంక లాంటి తీరంలో కారు ఇసుకలో దిగబడితే యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చోకండి. చక్రం ఇంకా లోతుకి వెళ్తుంది. ఉన్న టైర్లలోనే గాలిని 16, 18 పీఎస్ఐకి దించి, చక్రాల ముందు ఇసుక తవ్వి, స్టీరింగు నిటారుగా ఉంచి నెమ్మదిగా కదిలించాలి. గేజీ, చిన్న గాలి పంపు డిక్కీలో ఉంటే చాలు. బయటపడ్డాక రోడ్డెక్కేముందు మళ్లీ మామూలు ఒత్తిడికి గాలి నింపుకోవాలి.